కెన్నీ క్లార్క్

నడక మార్చియు లయ చెడనీయని మార్దంగికుని మనమెరుగుదుము. జాజ్ సంగీతమున అట్టివాడు కెన్నీ క్లార్క్. ఇతడు 1914లో అమెరికాలోని పిట్స్‌బర్గున జన్మించెను. ఆనాటి మేళములలో డ్రమ్ము వాయించువాడు ప్రతి తాళపు దెబ్బకును పెద్ద డోలును కాలితో మ్రోగించుచుండెను. నాట్యమాడువారికి అదియే ఆధారము. క్లార్క్ ఆ పనిని సింబల్ అను కంచుపళ్ళెమున కప్పగించి, డోలును ఎవరు నూహింపని చోట్ల మ్రోగింపసాగెను. ఆ విరుపులు నచ్చక మేళనాయకుడు టెడ్డీ హిల్ 1940లో అతనిని తొలగించెను. చిత్రమేమనగా, కొలదికాలమునకే న్యూయార్కులోని మింటన్స్ అను సంగీతశాలకు నిర్వాహకుడైన ఆ హిల్లే అతనిని పిలిచి కొలువిచ్చెను! తొలగించినను అతని చెవి మంచిదే యనవలెను. అచ్చట క్లార్క్, థెలోనియస్ మంక్, డిజ్జీ గిలెస్పీ మున్నగువారు కూడి వాయించుచుండగా బీబాప్ రూపొందెను. క్లార్క్ 1956లో ఫ్రాన్సు చేరి, 1985లో అచ్చటనే మరణించెను.