జాన్ హ్యూలింగ్స్ జాక్సన్

మూర్ఛరోగమును గూర్చి మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో నేటికిని అపోహలు తొలగలేదు. గాలి సోకినదని భూతవైద్యుని పిలుచువారు కొందరు. రోగి చేత తాళపుచెవుల నుంచువారు మఱికొందరు. మెదడులో నీ రోగ మేరీతిని బుట్టునో కనుగొనుటకు బాటుపడిన యొక వైద్యుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా దెలుపుచున్నాము.

జాక్సన్ 1835 ఏప్రిలు 4వ తేదీని ఇంగ్లండునందలి యార్కుషైరులో జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. యార్కులోను, లండనులోను వైద్యవిద్య నభ్యసించి, 1862లో లండనునందు పక్షవాత మూర్ఛరోగులకై నెలకొల్పబడిన ఆసుపత్రిలో జేరెను.

మూర్ఛ మొదట నే యవయవమున గనబడెను, ఎటు ప్రాకెను అని యాతడు రోగులను, వారి బంధువులను ఓపికతో నడుగుచుండెను. కొందఱికి బొటనవ్రేలియందు బుట్టిన వణకు క్రమముగా చేతికిని, మొగమునకును ప్రాకుట గమనించి, మెదడునం దొక్కొక్క భాగ మొక్కొక్క యవయవమును నడపునని యూహించెను. 1870లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అను జర్మను శాస్త్రజ్ఞులు కుక్కల మెదడుపై విద్యుత్తును ప్రయోగించి యీ యూహను బలపఱచిరి. మెదడు అకస్మాత్తుగా, మితిమీఱి శక్తిని వెలువరించుటయే మూర్ఛకు హేతువని జాక్సన్ 1873లో వివరించెను.

ఆతడు 1865లో దన బంధువగు ఎలిజబెత్తును వివాహమాడెను. మెదడు రక్తనాళములో నెత్తురు గడ్డకట్టి యామె 1876లో మరణించెను. తాను వర్ణించిన మూర్ఛలే యామెకును వచ్చుట యాతడు కన్నులార జూడవలసివచ్చెను. వారికి సంతానము లేదు. ఆతడు మరల వివాహమాడక, రోగులసేవయందే కాలము గడపి, 1911 అక్టోబరు 7వ తేదీని మృతినొందెను.

నేడు మంచి మందులు గలవు. సరిగా వాడినచో 100 మంది రోగులలో దాదాపు 70 మందికి మూర్ఛలు రాకుండ జేయవచ్చును. అయితే వైద్యుని యనుమతి లేక మందు మానరాదు. రోగిని కాలువలో నొంటరిగా స్నానము చేయనీయరాదు. మూర్ఛ వచ్చినపుడు ప్రక్కకు ద్రిప్పి పరుండబెట్టవలెను. నోట నేమియు నుంచరాదు. 5 నిమిషములు మించిన ఆసుపత్రికి జేర్పవలెను. ఇది యంటురోగము కాదు గనుక, బిడ్డను బడి మాన్పింప బనిలేదు.

మూర్ఛ యెచట మొదలయ్యెనో, ఎంతసేపుండెనో చూచి, గుర్తుంచుకొని వైద్యునకు జెప్పుడు. జాక్సన్ తన రోగుల బంధువుల నడిగిన దదియే.