సలీం అలీ – మన రాష్ట్రపు పక్షుల లెక్క

భారతదేశంలో పక్షిశాస్త్రం అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చే పేరు సలీం అలీ. ఆయన స్వస్థలం బొంబాయి. అయితే ఆయన మొట్టమొదటి పెద్ద పరిశోధన జరిగింది ఆనాటి మన హైదరాబాద్ రాష్ట్రంలోనే. ఈ సంగతి సికింద్రాబాద్‌లో చదువుకునే మనలోనే చాలామందికి తెలియదు.

సలీం అలీ 1896 నవంబరు 12న జన్మించారు. ఊహ తెలియకముందే తల్లీ తండ్రీ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచి పెద్దచేశారు. పదేళ్ళ ప్రాయంలో బొమ్మ తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ ఉండటం చూసి, అదేం పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్ళాడు ఆ పిల్లవాడు. కార్యదర్శి మిల్లార్డ్ విసుక్కోకుండా దాని పేరు చెప్పి, బీరువాల్లో భద్రపరచిన వందలాది పక్షుల్ని చూపించారు. ఆ పూట పట్టిన పిచ్చి తొంభై ఏళ్ళ దాకా వదల్లేదు.

చదువు మాత్రం సవ్యంగా సాగలేదు. బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకున్నారు, అది దెబ్బతింది. యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంగా జంతుశాస్త్ర సర్వేలో ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, తర్వాత బెర్లిన్ వెళ్ళి స్ట్రెసెమాన్ అనే ఆచార్యుని దగ్గర శిక్షణ పొందారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తేశారు. చేసేదిలేక భార్య తెహ్మినాతో సముద్రతీరాన కిహీమ్ అనే పల్లెలో కాపురం పెట్టారు. అక్కడ మనం గిజిగాడు అనే పిట్ట గూళ్ళు కనిపించాయి. నెలల తరబడి కూర్చుని చూశారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుందనీ, ఆడపిట్ట వచ్చి నచ్చితేనే పూర్తి చేస్తుందనీ, ఆపైన మరో గూడు, మరో జోడు వెతుక్కుంటుందనీ తేల్చారు. ఉద్యోగం ఉంటే ఈ పని జరిగేదో లేదో!

తర్వాత సంస్థానాలకు ఒక మాట చెప్పి పంపారు. తనకు జీతం అక్కర్లేదు, గుడారాలకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు భరిస్తే చాలు, మీ రాష్ట్రంలోని పక్షులన్నిటినీ పరిశీలించి పెడతానన్నారు. మొదట సరేనన్నది నిజాం ప్రభుత్వం. ఆ రాష్ట్ర విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. 1931-32లో సలీం అలీ, తెహ్మినా అడవుల్లో మకాం వేస్తూ తిరిగారు. చెంచులు నివసించే నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమికి కూడా వెళ్ళారు.

ఆ రోజుల్లో పక్షిశాస్త్రమంటే పిట్టను కాల్చడం, చర్మం ఒలిచి దూది కూరడం, చీటీ కట్టడం. సలీం అలీ కూడా కాల్చారు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఆ పిట్ట ఏ చెట్టుమీద ఉంది, ఏం తింటోంది, ఎప్పుడు గూడు పెడుతుంది, ఎలాంటి అడవి దానికి కావాలి అన్నవే ఆయన అసలు ప్రశ్నలు. పిట్టను దాని నేలనుంచి విడదీసి చూడకూడదన్న దృష్టి అది. ఈ సర్వే నివేదిక 1933-34లో సొసైటీ పత్రికలో వెలువడింది. ఆ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు వంటి సంస్థానాల సర్వేలు ఆయన చేతికే వచ్చాయి. 1939లో తెహ్మినా మరణం ఆయన్ను కుంగదీసినా పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై పుస్తకం, 1968-74 మధ్య డిలన్ రిప్లేతో కలిసి పది సంపుటాల గ్రంథం వెలువరించారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని డ్యాము నుంచి కాపాడాలని గట్టిగా పోరాడినవారిలో ఆయనొకరు.

ఆయన ప్రతి మాటా ఒప్పేనని కాదు. భరత్‌పూర్ పక్షుల మడుగుల్లో పశువుల మేత ఆపాలని కోరినవారిలో ఆయనా ఉన్నారు. 1982లో మేత నిషేధించారు. ఘర్షణలు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఆయన సొంత సొసైటీ చేసిన అధ్యయనమే గేదెలు మేయకపోతే గడ్డి పెరిగి నీటిని కమ్మేస్తుందని, పక్షులకు చోటు తగ్గుతుందని తేల్చింది. పెద్దవారి అభిప్రాయాన్నయినా పరిశీలనతో సరిచూడటమే శాస్త్రం.

మన తెలుగునేల ఆయనకు చివరిదాకా ఒక బాకీ పడి ఉంది. 1848లో శాస్త్రానికి పరిచయమై, 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి కోసం సొసైటీవారు పలుమార్లు వెతికి నిరాశపడ్డారు. 1986 జనవరిలో, స్థానికుల సాయంతో సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో దాన్ని మళ్ళీ కనుగొన్నారు. సలీం అలీ బతికుండగానే ఆ వార్త వచ్చింది. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు.

ఒక ఊళ్ళో ఇదివరకు ఏ పక్షులుండేవో ఎవరూ రాసిపెట్టకపోతే, ఏవి పోయాయో చెప్పడం ఎవరితరం? 1931-32 నాటి ఆ లెక్క ఉండబట్టే ఇవాళ పోల్చి చూసుకోగలుగుతున్నాం. ఆ తర్వాత జంటనగరాల చుట్టూ ఎన్ని చెరువులు పూడిపోయాయో, ఎన్ని బండరాళ్ళ గుట్టలు పిండి అయ్యాయో మన కళ్ళముందే ఉంది. మిగిలిన చెరువుల్లో ఒక్కదాన్ని ఎంచుకుని ఎండ, వాన, చలి మూడు కాలాల్లోనూ వచ్చిపోయే పక్షుల్ని నోటుపుస్తకంలో రాసిపెట్టేందుకు డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. సలీం అలీ ఆగలేదు.