లుహాన్ నదీతీరపు బడిపంతులు – ఫ్లోరెంతీనో అమెగీనో

దక్షిణ అమెరికా ఖండంలోని అర్జెంటీనా దేశంలో, రాజధాని బ్వేనస్ ఐరెస్‌కు పశ్చిమంగా సుమారు 65 కిలోమీటర్ల దూరాన లుహాన్ అనే పట్టణమున్నది. అదే పేరుగల చిన్న నది ఆ ఊరి ప్రక్కగా ప్రవహించి, తుదకు లా ప్లాటా మహానదీముఖాన్ని చేరుతుంది. చుట్టూ కొండగాని గుట్టగాని కానరాని విశాలమైన గడ్డిమైదానం. 1630లో మేరీమాత ప్రతిమను మోసుకొనిపోతున్న బండి ఈ నదీతీరాన కదలక నిలిచిపోయిందని ఐతిహ్యం. నాటినుండి అది యాత్రాస్థలమై, నేటికీ లక్షలాది భక్తులను ఆకర్షిస్తున్నది.

ఆ పట్టణానికి మరొక ప్రఖ్యాతి కూడా ఉన్నది. వేలాది సంవత్సరాలుగా గాలి తెచ్చి పోసిన ధూళి, నీరు తెచ్చి పరచిన ఒండ్రు అక్కడ పొరలు పొరలుగా పేరుకొన్నవి. నది ఆ పొరలను కోసుకొంటూ పారడంవల్ల, అంతరించిపోయిన జంతువుల ఎముకలు గట్లలో బయటపడుతుంటాయి. 1787లో మానుయేల్ తోర్రెస్ అనే క్రైస్తవ సన్యాసి ఏనుగంత ప్రమాణంగల ఒక జంతువు అస్థిపంజరాన్ని అక్కడ త్రవ్వించారు. అది స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు చేరగా, 1796లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూవియే దానికి మెగాథీరియం అని నామకరణం చేశారు. పిదప లుహాన్‌లో వైద్యవృత్తి సాగించిన ఫ్రాన్సిస్కో హవియేర్ మున్యీస్ ఆ గట్లలోనే ఎన్నో శిలాజాలను సేకరించి, డార్విన్ మహాశయునితో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపారు.

ఇట్టి ఊరిలో ఇటలీనుండి వలసవచ్చిన ఒక పేదకుటుంబంలో ఫ్లోరెంతీనో అమెగీనో పెరిగారు. ఆయన 1854లో లుహాన్‌లోనే జన్మించారని కొందరు, 1853లో ఇటలీలో జన్మించి పసితనంలో తల్లిదండ్రులతో వచ్చారని మరికొందరు చెబుతారు. ఏది ఎట్లున్నా, ఆయన బుద్ధి వికసించినది మాత్రం ఆ నదీతీరాననే.

చదువు ముగించుకొని, 1869లో, కౌమారం దాటకముందే, అదే నదికి ఎగువనున్న మెర్సెదెస్ పట్టణంలోని పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరి, కాలక్రమాన దాని ప్రధానోపాధ్యాయుడైనారు. బడి విడిచిన వేళలలోను, సెలవు దినాలలోను పలుగు, సంచి చేతబట్టి ఏటిగట్ల వెంట తిరిగేవారు. తాబేటి డిప్పవంటి కవచం ధరించిన గ్లిప్టోడాన్, నీటిగుర్రమును తలపించే టాక్సోడాన్ మొదలైన జంతువుల అవశేషాలు ఆయన ఇంట ప్రోగుపడినవి. ప్రకృతిశాస్త్రంలో ఆయనకు విశ్వవిద్యాలయ పట్టం లేదు, గురువూ లేరు. ఫ్రెంచి భాష అభ్యసించి, గ్రంథాలే గురువులుగా నేర్చుకొన్నారు. నాటి బ్వేనస్ ఐరెస్ మ్యూజియం అధిపతియైన బుర్‌మైస్టర్ ఈ పల్లెటూరి పంతులును సరకుచేయలేదు.

అయినను అమెగీనో నిరుత్సాహపడలేదు. 1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తన శిలాజాలను తీసుకొనిపోయి, ఐరోపా పండితుల మన్నన పొందారు. హెన్రీ గెర్వే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞునితో కలసి 1880లో దక్షిణ అమెరికా శిలాజ క్షీరదాలపై గ్రంథం వెలువరించారు. పారిస్‌లోనే లియోంతీన్ పొయిరియే అనే యువతిని వివాహమాడి 1881లో తిరిగివచ్చారు. అప్పటికి ఉపాధ్యాయ పదవి పోయినది. జీవనోపాధికై రాజధానిలో పుస్తకాల దుకాణం తెరచి, దానికి గ్లిప్టోడాన్ పేరే పెట్టుకొన్నారు. కాగితాలు, కలాలు అమ్ముకొంటూ, బేరం లేని సమయాన శాస్త్రగ్రంథాలు వ్రాసేవారు. జంతువుల వంశక్రమాన్ని నిర్ణయించే పద్ధతులను వివరించిన ఆయన గ్రంథం 1884లో వెలువడినది.

1886లో లా ప్లాటా మ్యూజియంలో పదవి లభించినది గాని, అధిపతితో పొసగక అచిరకాలంలోనే వైదొలగవలసి వచ్చినది. తాను సేకరించి ఆ మ్యూజియంకు విక్రయించిన శిలాజాలను చూచే అవకాశం కూడా ఆయనకు లేకపోయినది. మరల పుస్తకాల దుకాణమే దిక్కైనది. ఇక్కడ ఈ కుటుంబపు ఐకమత్యాన్ని స్మరించవలసియున్నది. ఒక తమ్ముడు హువాన్ దుకాణం చూచుకొన్నారు. మరొక తమ్ముడు కార్లోస్ 1887నుండి ఏటేట జనసంచారం లేని పటగోనియా ఎడారిసీమలలో తిరిగి శిలాజాలను సేకరించి అన్నగారికి పంపేవారు. దుకాణపు రాబడియే ఆ యాత్రలకు ఆధారం. ఇట్టి స్థితిలోనే అమెగీనో అర్జెంటీనా శిలాజ క్షీరదాలపై వేయి పుటలకు మించిన మహాగ్రంథాన్ని 1889లో వెలువరించారు. పారిస్‌లో దానికి స్వర్ణపతకం లభించినది. తుదకు 1902లో, ఒకనాడు బుర్‌మైస్టర్ ఏలిన బ్వేనస్ ఐరెస్ మ్యూజియంకే ఆయన అధిపతియైనారు. 1908లో భార్య గతించారు. 1911 ఆగస్టు 6న లా ప్లాటాలో ఆయన కన్నుమూశారు.

ఈ మహనీయుని జీవితంలో దాచరాని లోపం ఒకటున్నది. మానవజాతి దక్షిణ అమెరికా మైదానాలలోనే పుట్టి లోకమంతటా వ్యాపించినదని ఆయన గాఢంగా విశ్వసించారు. బ్వేనస్ ఐరెస్ రేవు త్రవ్వకాలలో దొరికిన ఒక కపాలఖండాన్ని ఆదిమానవ పూర్వజునిదిగా 1909లో ప్రకటించారు. 1910లో అక్కడికి వచ్చి పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞుడు హ్రడ్లిచ్కా, అది సాధారణ మానవుని కపాలమేనని 1912లో నిరూపించారు. పటగోనియా శిలాస్తరాలకు అమెగీనో కట్టిన వయస్సు సైతం ఎక్కువని తేలినది. మాతృభూమిపై మమకారం ఆయన చూపును కొంత మరల్చినదని చెప్పక తప్పదు.

ఆ సిద్ధాంతం పోయినది, కాని ఆయన కృషి పోలేదు. అన్నదమ్ములు ఒక క్రమంలో అమర్చిన స్తరాల వరుస, పేర్లుపెట్టి వర్ణించిన వందలాది జంతుజాతులు నేటి పరిశోధనకు పునాదిగా ఉన్నవి. దక్షిణ అమెరికా చిరకాలం ద్వీపఖండంగా ఉండి, సుమారు 30 లక్షల సంవత్సరాలనాడు పనామా భూసంధి ఏర్పడి ఉత్తర ఖండంతో కలిసినదనే కథకు ఆ ఎముకలే సాక్ష్యాలు. ఆ ఖండపు క్షీరద యుగాలలో చివరిదానిని శాస్త్రజ్ఞులు లుహాన్ పేరుతోనే వ్యవహరిస్తారు. పటగోనియాలో చూబూత్ నదిపై కట్టిన ఆనకట్టకు అమెగీనో పేరు పెట్టారు.

తమ ఊరి ఏటిగట్టును శ్రద్ధతో చదివిన బడిపంతులు లోకానికే పాఠం చెప్పగలిగారు. ఆయన పొరపాటు కూడా పాఠమే. ఎంతటి గురువు మాటనైనా ఆధారాలతో పరీక్షించిన పిదపనే అంగీకరించాలి. ఆ పరీక్షకు కావలసిన ఆధారాలను తన చేతులతోనే త్రవ్వి, పదిలపరచి, తరువాతి తరాలకు అందించినవారు అమెగీనో.