అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు

ఈ ప్రత్యేక సంచికకు మన గోదావరి సీమ పెద్దలలో ఒకరి జీవితాన్ని గురించి వ్రాయమని సంఘం కార్యదర్శి గారు కోరారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారిని గురించి, కాటన్ దొర గారిని గురించి వ్రాయడానికి నాకన్నా చదువుకున్నవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం గడిచింది బియ్యం, బస్తాలు, స్టాకు రిజిస్టర్లతోనే. కాబట్టి అన్నం పెట్టిన తల్లిని గురించి వ్రాయడమే నాకు తగిన పని అనిపించింది.

డొక్కా సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. ఆ తండ్రికి ఊళ్ళో ఇంకో పేరుంది. ఆకలితో గుమ్మంలో నిలబడినవారికి లేదనకుండా బువ్వ పెట్టేవారు గనుక బువ్వన్న గారని పిలిచేవారట. పిల్లలకు తలిదండ్రుల పొలం వస్తుంది, ఇల్లు వస్తుంది, ఒక్కొక్కప్పుడు అప్పులూ వస్తాయి. ఈమెకు ముందుగా వచ్చింది ఆ పేరే. ఆ రోజుల్లో ఆడపిల్లలకు బడి చదువులెక్కడివి? ఇంట్లో వినే కథలు, పాటలు, పనీపాటా, వచ్చినవారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం, విస్తరి వేయడం, ఇదే ఆమె చదువు.

వివాహం జరిగిన తీరు కూడా అన్నంతో ముడిపడినదే. లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న గారు వేదం చదువుకున్నవారు, పెద్ద రైతు. ఒకనాడు ప్రయాణంలో ఎండవేళ మండపేట చేరి భవానీశంకరం గారింట భోజనం చేశారని, ఆ ఇంటి పిల్ల వినయమూ, వడ్డించే తీరూ చూసి, ఈమె అయితే నా ఇల్లు నిలబడుతుందని మనసులో అనుకున్నారని చెబుతారు. పెద్దలు మాట్లాడుకున్నారు, పెళ్ళి జరిగింది. సీతమ్మ గారు గోదావరి పాయ దాటి లంకల గన్నవరం కాపురానికి వచ్చారు.

ఈ ఊరి భౌగోళిక పరిస్థితి తెలియకపోతే ఆమె చేసిన పని బరువు తెలియదు. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుంది. వైనతేయ పాయ ఒడ్డున లంకల నడుమ ఉన్న ఊరు లంకల గన్నవరం. ఇప్పుడది పి.గన్నవరం మండలంలో, 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఉంది. నాడు అమలాపురం తాలూకా. వంతెనలు లేవు, బస్సులు లేవు. అంతర్వేది తీర్థానికి పోయేవారు, కోర్టు పనుల మీద పోయేవారు, పెళ్ళివారు, ఎద్దులు కొనబోయే రైతులు అందరూ నడిచో, బండి మీదో రేవుకు వచ్చి పడవ కోసం కాచుకోవాలి. గాలి ఎక్కువైతే పడవ కదలదు. ఏరు పోటు మీదుంటే రెండు రోజులైనా కదలదు. చంకలో పిల్లలతో, చేతిలో మూటతో ఒడ్డున కూర్చున్నవారికి పూటకూళ్ళ ఇల్లు కూడా లేదు. అటువంటి చోట ఒక ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉంటుందంటే, ఆ మాట పడవ కంటే ముందు అవతలి ఒడ్డు చేరుతుంది.

మొదట్లో ఇంటికి వచ్చిన బాటసారులకు పెట్టారు. తరువాత బాటసారులు ఆ ఇంటిని లెక్కలో పెట్టుకునే ప్రయాణం మొదలుపెట్టారు. ఈ రెండింటికీ తేడా ఉంది, మిత్రులు గమనించాలి. అనుకోకుండా వచ్చిన నలుగురికి పెట్టడం మన ఇళ్ళల్లోనూ ఒకప్పుడు ఉండేది. మా అమ్మ కూడా ఎసట్లో ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేది. కాని రేపు ఎంతమంది వస్తారో తెలియకుండా, వచ్చినవారు ఏ వేళకు వస్తారో తెలియకుండా, ప్రతిరోజూ పొయ్యి ఆర్పకుండా ఉంచడం వేరు. అర్ధరాత్రి పడవ దిగినవారు తలుపు తట్టినా ఆమె లేచి వండి పెట్టేవారని, ఏ కులం, ఏ మతం అని అడిగేవారు కాదని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. వంటవాళ్ళు చేస్తారులే అని తాను పక్కన కూర్చోలేదు. తన చేతితోనే వడ్డించేవారట.

ఎంతమంది తిన్నారు? దీనికి రిజిస్టరు లేదు. ఆమె వ్రాయించలేదు. గుమాస్తా బుద్ధి ఊరుకోక నేనొక అంచనా వేసుకున్నాను. ఇది కేవలం నా లెక్క, ఎవరూ ప్రమాణంగా తీసుకోవద్దు. రోజుకు యాభై మంది అనుకుందాం. మనిషికి పావు కిలో బియ్యం. రోజుకు పన్నెండున్నర కిలోలు, ఏడాదికి నాలుగున్నర టన్నులు దాటుతుంది. నలభై ఏళ్ళకు నూట ఎనభై టన్నుల పైమాట. నూరు కిలోల బస్తాలైతే పద్దెనిమిది వందల బస్తాలు! పప్పు, కూర, పులుసు, మజ్జిగ, వంటచెరకు, విస్తళ్ళు వేరు. ఇవన్నీ ఒక్క కుటుంబం చేలోనించి రావాలి. గ్రాంటు లేదు, అలాట్‌మెంటు లేదు, యుటిలైజేషన్ సర్టిఫికెట్టూ లేదు.

ఇక్కడ ఇంకొకరికి కూడా నమస్కారం చేయాలి. సీతమ్మ గారు పుట్టడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1833లో, ఈ ప్రాంతాలు ఘోరమైన కరువు చూశాయి. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతున్నా జనం అన్నం లేక చచ్చిపోయారు. కాటన్ దొర గారు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశారు. అప్పటికి సీతమ్మ గారు పదీ పదకొండేళ్ళ పిల్ల. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లోనే కాలువలు పారి, మెట్ట చేలు వరి మళ్ళయినాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టి అవతలి నగరం లంకకు నీరు పంపినది కూడా 1850 దశకంలోనే. 1876 నుంచి 78 వరకు ధాత కరువు మద్రాసు రాజధానిని ఊడ్చిపెట్టి లక్షలాది మందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు మన డెల్టాలో గాదెలు నిండుగా ఉన్నాయి. సంకల్పంలో కాటన్ దొర గారిని స్మరించే పెద్దలు మన వైపు ఉండేవారు. దొర నీరు తెచ్చారు, అమ్మ దాన్ని అన్నం చేసి పెట్టారు అని మా మేనమామ అంటుండేవారు. ఆయన నీటిపారుదల శాఖలో లస్కరు, కాబట్టి దొర పేరు ముందు చెప్పేవారు!

ఇంత ఖర్చు ఎన్నాళ్ళు తట్టుకుంటారు? పొలం తరుగుతూ వచ్చిందంటారు. అటువంటి సమయంలో దున్నుతున్న చేలో బంగారు కాసుల బిందె దొరికిందని మా నాయనమ్మ కథగా చెప్పేది. ఆమె దాన్ని దేవుడి లీలగా నమ్మేది, నేను ఆమెతో వాదించలేదు. నాకు మాత్రం బిందె దొరకడం కన్నా, అది దొరకక ముందు రోజుల్లో కూడా పొయ్యి ఆరలేదన్నదే పెద్ద విషయంగా తోస్తుంది. పొలం అమ్ముదామంటే కాదనకుండా నిలబడిన జోగన్న గారిని ఎవరూ తలుచుకోరు. తన ఆస్తి ఊరివాళ్ళ విస్తళ్ళలోకి పోతుంటే చూస్తూ ఊరుకున్న భర్త, కాదు, సంతోషించిన భర్త, ఈనాడు మన చుట్టాలలో ఎందరున్నారో లెక్కపెట్టుకోండి.

అంతర్వేది ప్రయాణం కథ మీలో చాలామంది విని ఉంటారు. ఎప్పుడూ ఇల్లు కదలని సీతమ్మ గారు ఒకసారి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుందామని పల్లకిలో బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు కొందరు ప్రయాణీకుల మాటలు ఆమె చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, కొంచెం ఓర్చుకోండి, గన్నవరం సీతమ్మ గారిల్లు చేరితే కడుపునిండా అన్నం దొరుకుతుందని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. అంతే, బోయీలను వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వండి సిద్ధంగా ఉంచారు. భక్తి అంటే ఏమిటని మన సత్కాలక్షేపాలలో గంటలు గంటలు చర్చ జరుగుతుంది. ఆమె ఆ చర్చకు కూర్చోలేదు. స్వామి ఆ పిల్లల ఆకలిలో ముందుగా కనిపించాడు, అంతర్వేది తరువాత అనుకున్నారు.

ఈ సందర్భంలో నా స్వానుభవం ఒకటి చెప్పడానికి అనుమతించండి. 1986 ఆగస్టు గోదావరి వరదలు మీ అందరికీ జ్ఞాపకమే. అప్పటికి మండలాలు ఏర్పడి ఏడాది. నన్ను ఒక లంక గ్రామానికి సహాయ కార్యక్రమాల డ్యూటీ మీద పంపారు. బియ్యం బస్తాలు వెనక పడవలో వస్తాయన్నారు. ఆ పడవ ఆ పూట రాలేదు, మర్నాడూ రాలేదు. ఆలస్యం ఎవరిదో ఇప్పుడు తవ్వుకోవడం అనవసరం. ఏటిగట్టు మీద గోనెపట్టాల కింద తలదాచుకున్న జనం నా చేతిలో కాగితాలు చూసి సర్కారు బియ్యం ఎప్పుడని అడుగుతున్నారు. రెండో రోజు సాయంత్రం ఒక పెద్దామె, ఇల్లు నీళ్ళల్లో పోయినామె, తడిసిన పుల్లలు ఊది ఊది మంట చేసి, మిగిలిన నూకలు జావ కాచింది. మొదటి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వద్దంటే ఊరుకోలేదు. ఊరిమీదికి వచ్చినవాణ్ణి పస్తు పెట్టడం తమ లంకల్లో ఆనవాయితీ కాదంది. పడవ మూడో రోజు వచ్చింది. బస్తాలు దింపి, వేలిముద్రలు తీసుకుని, పంచాను. ఆమె కుటుంబానికి వంతు వచ్చినప్పుడు ఆమె కూడా అందరితోపాటు వేలిముద్ర వేసి తీసుకుంది. నేనిచ్చిన బియ్యానికి ఆమె నుండి రసీదు ఉంది. ఆమె పోసిన జావకు నేను ఏ రసీదూ ఇవ్వలేదు. సీతమ్మ గారు పోయి అప్పటికి డెబ్బై ఏడేళ్ళు. ఆ ఆనవాయితీ ఎక్కడినుండి వచ్చిందో నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

మళ్ళీ అసలు విషయానికి వస్తాను. సీతమ్మ గారి పేరు సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం 1902 ఆగస్టులో లండనులో జరిగింది. 1903 జనవరి 1న ఢిల్లీలో కర్జన్ ప్రభువు దర్బారు చేశారు. ఆ ఉత్సవాలకు సీతమ్మ గారికి ఆహ్వానం వచ్చింది. గోదావరి జిల్లా కలెక్టరు గారి ద్వారా వర్తమానం అందింది. అప్పటికి తూర్పు, పశ్చిమ అని జిల్లా విడిపోలేదు, అది 1925 నాటి మాట. ఆమె వినయంగా రానన్నారు. తాను పోతే ఇంటికి వచ్చినవారికి ఎవరు పెడతారన్నదే ఆమె చెప్పిన కారణమట. పోనీ ఫోటో అయినా పంపమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. పేరు కోసం చేసినట్టవుతుందని ఆమె సంకోచం. అప్పుడు కలెక్టరు గారు, ఫోటో లేకుండా తిరిగిపోతే తన ఉద్యోగానికే ముప్పు రావచ్చునని మొరపెట్టుకున్నారట. ఒకరి పొట్ట కొట్టినట్టవుతుందని ఆమె ఒప్పుకున్నారు. ఆ ఫోటోను అక్కడ ఆసనం మీద ఉంచి గౌరవించారని మన ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఈ ఘట్టాన్ని వ్రాసేవారు సాధారణంగా చక్రవర్తి గౌరవం దగ్గర ఆగిపోతారు. ఉద్యోగం చేసినవాణ్ణి గనుక నా దృష్టి ఆ అధికారి మీద పడుతుంది. పైనుండి ఆర్డరు వచ్చింది, కింద మనిషి కాదంటున్నది, మధ్యలో నలిగేది మనలాంటివాడే. ఆయన దొరతనం పక్కన పెట్టి బ్రతిమాలుకున్నాడు. ఆమె చక్రవర్తి కోసం దిగి రాలేదు, ఉద్యోగి కోసం దిగివచ్చారు. మన సంఘం ఆఫీసు గోడ మీద ఆమె పటం ఉండాలని నేను అడగడానికి ఇదొక్క కారణం చాలును.

1909లో సీతమ్మ గారు తనువు చాలించారు. ఆమె పేరును ప్రభుత్వాలు ఆలస్యంగానైనా తలుచుకున్నాయి. పాత గన్నవరం అక్విడక్టు నూట యాభై ఏళ్ళు సేవచేసి అలిసిపోగా, దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు 2000లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. మా మనవడు చదివే సర్కారు బడిలో గోడ మీద ఆ పేరు వ్రాసి ఉంది. వాడు వచ్చి, సీతమ్మ గారంటే రాముడి గారి భార్యేనా తాతయ్యా అని అడిగాడు. కాదురా, మన గోదావరి ఒడ్డు ఆవిడ అని చెప్పి, అంతర్వేది కథ చెప్పాను. అంతా విని, ఆ పిల్లలకు ఆ రోజు కూర ఏం వండారని అడిగాడు. మా కోడలు నవ్వి, కంద బచ్చలి అయి ఉంటుందని వాడికి సర్ది చెప్పింది.

లంకల గన్నవరం, మండపేట వైపు బంధుత్వాలున్న సభ్యులు మనలో ఉన్నారు. వారి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సీతమ్మ గారి చేతి అన్నం తిన్నవారి నోట విన్న సంగతులు ఏవైనా ఉంటే, లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఒక కాగితం మీద వ్రాసి తెచ్చి కార్యదర్శి గారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వచ్చే సంచికలో వేద్దాం.