హైకే కామర్లింగ్ ఓనెస్

హైకే కామర్లింగ్ ఓనెస్ (సెప్టెంబర్ 21, 1853 - ఫిబ్రవరి 21, 1926) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. గ్రోనింగెన్ నగరంలో జన్మించిన ఇతడు 1882లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

సంపీడిత వాయువులు పేలుతాయని నగరపాలకులు భయపడుట వలన 1895 నుండి సుమారు మూడేళ్ళు ఇతని అతిశీతల ప్రయోగాలు ఆగిపోయాయి. (1807లో మందుగుండు పడవ పేలి ఆ ఊరిలో ఎన్నో ఇళ్ళు కూలాయి, కనుక ఆ భయం అకారణం కాదు.) 1901లో పరికరాల పనివారికి శిక్షణ ఏర్పాటు చేశాడు. ఇతని విజయాలకు ఆ గాజు, లోహపు పనివారే ఆధారం. 1908 జూలై 10న హీలియంను ద్రవీకరించాడు. 1911లో ఆ చలిలో పాదరసపు విద్యున్నిరోధం మాయమగుటను కనుగొన్నాడు. 1913లో నోబెల్ బహుమతి పొందాడు.

అతివాహక తీగతో బలమైన అయస్కాంతం చేయదలచాడు గాని, సీసపు తీగచుట్ట కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే అతివాహకతను కోల్పోయింది. ఆ కోరిక ఇతని జీవితకాలంలో తీరలేదు. నేటి ప్రయోగశాలల పెద్ద ఎన్.ఎం.ఆర్. అయస్కాంతాలు నియోబియం కలిపిన తీగలతో తయారై ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. హీలియం తరిగి తీగ వేడెక్కితే అవి కూడా అతివాహకతను కోల్పోతాయి.