ఊపిరికి కాపలా కాసిన రూపాబాయి

ఆపరేషన్ అనగానే మనకు కత్తి పట్టిన డాక్టరే గుర్తొస్తారు. తలాపున నిలబడి మత్తిచ్చే డాక్టరు గుర్తురారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా పేరున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మన హైదరాబాదీయేనని మీలో ఎంతమందికి తెలుసు?

పార్శీల ఆడపడుచు. 1885లో మరో నలుగురు అమ్మాయిలతో కలిసి హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరింది. 1889లో హకీమ్ పట్టా చేతికొచ్చింది. అప్పట్లో మత్తంటే క్లోరోఫామే. అది పీల్చిన రోగులు కొందరు బల్లమీదే ప్రాణాలొదిలేవారు. ముందు ఆగేది గుండెా, ఊపిరా? ఇది తేల్చడానికి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ, నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపారు. ఊపిరినే కనిపెట్టుకుని ఉండమన్నది ఆయన పాఠం. క్లోరోఫామ్ గుండెను కూడా ఆపగలదని తర్వాత తేలింది. అయినా శ్వాసను గమనించాలన్న మాట మాత్రం నేటికీ నిలిచింది.

పాతబస్తీకి నయాపూల్ అవతలున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ, రెసిడెన్సీ, జనానా ఆసుపత్రుల్లోనూ రూపాబాయి మత్తిచ్చింది. 1909లో ఓడెక్కి ఎడింబరో వెళ్లి ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివొచ్చింది. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో రిటైరైంది.

నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి మత్తివ్వడాన్ని 1878లోనే గ్లాస్గోలో మెక్‌ఈవెన్ చేసి చూపినా, అది వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ గొట్టమే ఐసీయూలో ప్రాణం నిలబెడుతోంది. రోజుల తరబడి ఉంటే గాయమూ చేస్తుంది. గొట్టం చివరి బుడగలో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. మించితే లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. అది మాని మచ్చకట్టి నాళం ఇరుకవుతుంది.

మా పెద్దమ్మ పదకొండు రోజులు వెంటిలేటర్ మీదున్నప్పుడు, నన్ను లోపలికి రానిచ్చిన ఆ కాసేపట్లో ఓ నర్సమ్మ మీటరుతో బుడగ ఒత్తిడి కొలవడం కళ్లారా చూశాను. గొట్టం కదలకుండా కట్టు సరిచూసింది. పెదవి ఒరుసుకుపోకుండా గొట్టాన్ని రెండో పక్కకు మార్చింది. అంత చిన్న పనిలో ఎంత రక్షణ!

మీవాళ్లెవరైనా అలా ఉంటే, బుడగ ఒత్తిడి చూస్తున్నారా, గొట్టం ఎప్పుడు తీయొచ్చు, ఇంకా ఆలస్యమయ్యేట్లుంటే మెడ దగ్గర దారి చేస్తారా అని నెమ్మదిగా అడగండి. తీశాక గొంతు బొంగురు రెండు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకండి.