హాస్యమునకు శ్రుతి కూర్చిన దాసుగారు

శాస్త్రీయసంగీతమనగానే ముఖము ముడుచుకొని వినవలెనను భ్రమ మనలో కొందరికి నేటికిని పోలేదు. ఇందుకూరుపేటవంటి తీరగ్రామములలో హరికథలు విని పెరిగిన పెద్దల కీ భ్రమ యుండదు. రాగాలాపనకు తలలూపిన జనమే మరుక్షణమున పిట్టకథకు పకపక నవ్వుట వారెరుగుదురు. తెలుగునాట ఈ కళకు రూపుదిద్ది, హరికథాపితామహులని పేరొందినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు.

1864 ఆగస్టు 31న బొబ్బిలి సమీపమునగల అజ్జాడలో వారు జన్మించిరి. తొలుత పెట్టిన పేరు సూర్యనారాయణ. 1883లో, విద్యార్థిదశలోనే, విజయనగరమునకు వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి కథాగానము వినిరి. వెంటనే ధ్రువచరిత్రము రచించి తామే గానము చేసిరి. ఇంగ్లీషు చదువు సర్కారు కొలువునకు మెట్టుగా నున్న కాలమది. అట్టి కాలమున పండితవంశీయుడు కాలికి గజ్జె కట్టి నలుగురిలో నిలుచుట సామాన్యము కాదు. నవ్వించువానిని విదూషకునిగా జమకట్టుట లోకమునకు పరిపాటి. దాసుగారికి ఆ జంకు లేకపోయినది.

హరికథలో పాత్రలన్నియు ఒక్కనివే. రాజు గాంభీర్యము, దాసి గడుసుదనము, డాంబికుని బడాయి, అన్నియు ఆ గొంతుననే పలుకవలెను. అపస్వరమును అనుకరించి నవ్వింపవలెనన్నను సుస్వరము వశమై యుండవలెను. తాళము తప్పినట్లు నటించువాడు లోలోపల లెక్క తప్పరాదు. కనుక సంగీతమున హాస్యము విద్య తక్కువైనవాని పని కాదు.

ఆ విద్య దాసుగారికి నిండుగా నుండెను. కాలుసేతులతోను శిరస్సుతోను ఏకకాలమున వేర్వేరు తాళములను నడపి లయబ్రహ్మ అనిపించుకొనిరి. తొంబది రాగములతో ఒక రాగమాలిక కూర్చిరి. దంభపుర ప్రహసనమున కపటవర్తనమును ఎగతాళి చేసిరి. నవరసతరంగిణిలో కాళిదాసు, షేక్స్పియరుల రచనలనుండి రసములకు ఉదాహరణములు చూపి, హాస్యమును తక్కిన రసముల సరసన నిలిపిరి. ‘నా యెఱుక’ యను స్వీయచరిత్రలో తమ యౌవనచాపల్యములను సైతము దాచలేదు. పరులను చూచి నవ్వుట సులభము. తన్ను చూచి తాను నవ్వుకొనుట పెద్దమనసున్నవారికే చెల్లును.

1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినప్పుడు దాసుగారే తొలి అధ్యక్షులైరి. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడుగారికి సంక్రమించినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదివినది ఆ కళాశాలలోనే. 1945 జనవరి 2న దాసుగారు కీర్తిశేషులైరి.

పాఠము చెప్పువారికిని, వినువారికిని వారి జీవితమున ఒక ఉపదేశమున్నది. నవ్వు విద్యను పలుచన చేయదు. విద్య లేని నవ్వు మాత్రమే పలుచనగును. పండితసభలో మన్నన పొందిన గానమునే పామరుని పెదవిపై చిరునవ్వుగా పూయించుట దాసుగారు సాధించిన ఘనత.